తలుపు తీసే హక్కు... ఎవరి పుస్తకంలో ఉంది?

బ్రిటన్‌లో ఒక్కో ఇంట్లో సగటున తొమ్మిది పరికరాలు ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నాయని ఇక్కడి పార్లమెంటు దిగువసభ కమిటీ ఒకటి 2023 ఆగస్టులో తన నివేదికలో చెప్పింది. మన తెలుగు ఇళ్లలో చూస్తే ఆ లెక్క కాస్త ఎక్కువే అనిపిస్తుంది. డోర్‌బెల్ కెమెరా, టీవీ, స్పీకరు, హీటింగ్ నడిపే థర్మోస్టాట్, పసిబిడ్డ గదిలో మానిటరు. వీటికి తోడు తెనాలిలోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల వాకిట్లో బిగించి, ఇక్కడి నుంచి మనం చూసుకునే సీసీ కెమెరా.

పరికరాల భద్రతే నా ఉద్యోగం. అందుకని ఉగాది సంబరాలకు వెళ్లినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక ప్రశ్న తప్పదు. ఈమధ్య ఆ ప్రశ్న కొత్త రూపం తీసుకుంది. "అన్నా, బ్లాక్‌చెయిన్‌తో పనిచేసే తాళం వచ్చిందట. దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేరట. కొనొచ్చా?" అని అడుగుతున్నారు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పేది కాదు. ఆ మాటలో కొంత నిజం ఉంది, చాలా ప్రచారం ఉంది. ఏది ఎంతో విడదీసి చూద్దాం.

ఒకే పాస్‌వర్డ్... లక్షల ఇళ్లు

ముందు అసలు జబ్బేమిటో తెలియాలి. 2016లో 'మిరాయ్' అనే ప్రోగ్రాం ప్రపంచంలోని లక్షల కెమెరాలను, రౌటర్లను చేతిలోకి తీసుకుంది. దాని దగ్గర పెద్ద విద్యేమీ లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే పెట్టిన యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతలు పట్టుకుని, ఒక్కో పరికరం తలుపూ తట్టుకుంటూ వెళ్లింది. 'అడ్మిన్' అంటే 'అడ్మిన్' అని తలుపు తెరుచుకుంది. అలా పట్టుకున్న పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో డిన్ అనే సంస్థ మీద దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. మరుసటి నెల దాని మరో రూపం రౌటర్ల మీద పడింది. జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్లకు, బ్రిటన్‌లో పోస్టాఫీస్ బ్రాడ్‌బ్యాండ్ వాడే సుమారు లక్ష మందికి నెట్ ఇబ్బంది వచ్చింది. ఈసారి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, రౌటర్‌లోని లోపం చాలింది.

తర్వాత బ్రిటన్ మేలుకొంది. 2018 అక్టోబరులో తయారీదారులకు 13 సూత్రాలతో ఒక నియమావళి ఇచ్చింది. అది పాటించడం వారి ఇష్టానికి వదిలేసింది. ఇష్టంతో పని కాలేదు. 2022 డిసెంబరులో చట్టం చేసి, 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి తెచ్చింది. దాని పేరు ప్రోడక్ట్ సెక్యూరిటీ అండ్ టెలికమ్యూనికేషన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం. పేరు పెద్దదైనా సారాంశం మూడు ముక్కలు. అన్ని పెట్టెల్లో ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. లోపం కనిపెట్టినవారు ఎవరికి చెప్పాలో సంస్థ బహిరంగంగా తెలపాలి. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో కొనేముందే చెప్పాలి. తప్పితే కోటి పౌండ్లు లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 4 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చు.

అయితే చట్టానికి ముందు కొన్న కెమెరా ఇంకా మీ గోడ మీద ఉంటే దానికి ఈ రక్షణ లేదు. ఈ చట్టం ఇక్కడ అమ్మేవారి మీద బాధ్యత పెడుతుంది కాబట్టి, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నదానికీ లేదు.

చీటీల పుస్తకం లాంటిదే

ఇక బ్లాక్‌చెయిన్ సంగతి. మన ఊళ్లలో చీటీపాట తెలియనివాళ్లు ఉండరు. ఇరవై మంది సభ్యులు, ఒక నిర్వాహకుడు. లెక్కంతా నిర్వాహకుడి పుస్తకంలోనే ఉంటే ఆయన దయ, మన ప్రాప్తం. అదే ప్రతి నెలా పాట అయ్యాక ఇరవై మందీ తమ తమ పుస్తకాల్లో ఆ లెక్క రాసుకున్నారనుకోండి. కొత్త పేజీ మొదలుపెట్టేటప్పుడు వెనకటి పేజీ మొత్తాన్ని పైన వేసుకున్నారనుకోండి. అప్పుడు ఎవరైనా మూడు నెలల కిందటి అంకె దిద్దితే, ఆ తర్వాతి పేజీలన్నీ తప్పుతాయి. మిగతా పందొమ్మిది పుస్తకాలతో కలవదు. దొంగలెక్క అక్కడే పట్టుబడుతుంది. బ్లాక్‌చెయిన్ మూలసూత్రం ఇంతే. నకళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. ప్రతి పేజీ వెనకటి పేజీకి ముడిపడి ఉంటుంది.

ఈ సాంకేతికత మనవాళ్లకు కొత్తేమీ కాదు. బ్రిటన్ ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారుగా ఉన్న సర్ మార్క్ వాల్‌పోర్ట్ 2016 జనవరిలో దీనిపై నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో ప్రయోగం తలపెట్టింది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ సదస్సు జరిగింది. కరణంగారి పుస్తకంలో పేరు మారితే పొలం మారిపోయిన కథలు విన్న మన ప్రాంతానికి, దిద్దలేని పుస్తకం అనగానే ఆశ పుట్టడం సహజం.

దాన్ని తాళానికి ఎలా వాడతారు? మీ ఫోన్‌లో రెండు కీలు తయారవుతాయి. ఒకటి రహస్యం. అది ఫోన్ దాటి బయటికి రాదు. దీన్ని ప్రైవేట్ కీ అంటారు. రెండోది అందరికీ చూపించదగినది. అది పబ్లిక్ కీ. పబ్లిక్ కీని 'ఈ ఇంటి తలుపు తీయడానికి అనుమతి ఉంది' అని ఉమ్మడి పుస్తకంలో రాస్తారు. మీరు తలుపు దగ్గరికి రాగానే తాళం ఒక కొత్త అంకెను పంపుతుంది. ఫోన్ తన రహస్య కీతో దాని మీద ముద్ర వేసి తిరిగి ఇస్తుంది. పుస్తకంలోని పబ్లిక్ కీతో తాళం ఆ ముద్రను సరిచూస్తుంది. కలిస్తే తెరుచుకుంటుంది. ఇందులో పాస్‌వర్డ్ లేదు. ఊహించడానికీ, దారిలో దొంగిలించడానికీ ఏమీ లేదు. మిరాయ్ లాంటిది వచ్చినా 'అడ్మిన్' అని తట్టడానికి తలుపే ఉండదు.

వినడానికి బాగుంది కదా. ఇక్కడే ఒక విషయం గమనించాలి. ముద్ర వేయడం, సరిచూడటం బ్లాక్‌చెయిన్ పని కాదు. ఆ గణితం 1970ల నాటిది. మన బ్యాంకు యాప్, ఇప్పుడు ఫోన్లలో వస్తున్న పాస్‌కీ కూడా దాని మీదే నడుస్తున్నాయి. బ్లాక్‌చెయిన్ చేసే పని ఒక్కటే. ఏ కీకి అనుమతి ఉందో చెప్పే జాబితాను దొంగచాటుగా దిద్దకుండా కాపాడుతుంది. కాబట్టి మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మన ఇంటికి వచ్చే ప్రమాదం ఆ జాబితాను దిద్దడం వల్లేనా?

ఇప్పటికే మన ఇంట్లో ఉంది

ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ, బ్లాక్‌చెయిన్ ఇప్పటికే చాలా ఇళ్లలోకి వచ్చేసింది. ఈమధ్య బల్బో, స్విచ్చో కొన్నప్పుడు పెట్టె మీద మూడు బాణాలు ఒకచోటికి చేరినట్టుండే గుర్తు, పక్కన 'మేటర్' అన్న మాట చూసి ఉంటారు. యాపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ వంటి పోటీ సంస్థలన్నీ కలిసి, తమ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2022 అక్టోబరులో తెచ్చిన ప్రమాణం అది. దాన్ని కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్ నడుపుతోంది.

మేటర్ పరికరం ప్రతిదానిలో ఫ్యాక్టరీలోనే ఒక డిజిటల్ ధ్రువపత్రం పెడతారు. మీరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇంట్లో కలుపుకొనేటప్పుడు పరికరం ఆ పత్రం చూపిస్తుంది. ఆ పత్రం వెనక ఉన్న సంస్థ నిజమైనదేనా, ఆ మోడల్ పరీక్ష నెగ్గిందా అనే వివరాలు 'డిస్ట్రిబ్యూటెడ్ కంప్లయన్స్ లెడ్జర్' అనే ఉమ్మడి పుస్తకంలో ఉంటాయి. అది బ్లాక్‌చెయినే. ఎవరైనా చదవొచ్చు. రాసే హక్కు మాత్రం అనుమతి పొందిన సభ్య సంస్థలకే ఉంటుంది.

ఇక్కడ బ్లాక్‌చెయిన్ ఎందుకు సరిపోయిందో చూడండి. పోటీలో ఉన్న సంస్థల్లో ఏ ఒక్కదాని పుస్తకాన్నీ మిగతావాళ్లు నమ్మరు. అలాగని అందరికీ ఒకే జాబితా కావాలి. అందుకే చీటీపాట పద్ధతి. అదే బ్రిటన్ స్మార్ట్ మీటర్లను చూడండి. మీటర్లకూ, కరెంటు, గ్యాస్ సంస్థలకూ మధ్య సమాచారం నడిపే పనిని డేటా కమ్యూనికేషన్స్ కంపెనీ అనే ఒకే సంస్థకు లైసెన్సు ఇచ్చి అప్పగించారు. దానిపై ఆఫ్‌జెమ్ నిఘా ఉంటుంది. అక్కడా డిజిటల్ కీలు, ధ్రువపత్రాలే గానీ బ్లాక్‌చెయిన్‌తో పని పడలేదు. నమ్మకంగా లెక్క రాసే పెద్దమనిషి ఒకరున్నప్పుడు ఇరవై పుస్తకాలు అక్కర్లేదు.

ఇంకో సంగతి. మేటర్ పుస్తకం చెప్పేది 'ఈ పరికరం అసలుదే' అని మాత్రమే. 'దీన్ని వాడుతున్న మనిషి సరైనవాడే' అని కాదు. మీ ఇంట్లో ఎవరు ఏది వాడొచ్చన్న జాబితా ఆ పుస్తకంలో ఉండదు. అది మీ ఇంట్లోని పరికరాల్లోనే, మీ యాప్‌ల ఖాతాల్లోనే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే.

ఏడు పేర్లు... నలుగురు మనుషులు

కిందటేడాది మాస్టర్స్ చదవడానికి వచ్చిన నలుగురు తెలుగు పిల్లలు అద్దెకున్న ఇంటికి వెళ్లాను. వాళ్లలో ఒకమ్మాయి బంధువుల ద్వారా నాకు తెలుసు. బిల్లులన్నీ అద్దెలోనే కలిసిన ఇల్లు. వైఫై యజమానిది, వీధి తలుపుకు బిగించిన స్మార్ట్ తాళమూ యజమానిదే. "బాబాయ్, రాత్రిపూట తలుపు తీసిన చప్పుడు వినిపిస్తోంది. మేమంతా లోపలే ఉన్నాం" అని ఆ అమ్మాయి భయపడింది. యజమానితో మాట్లాడి యాప్ తెరిపిస్తే, తలుపు తీయడానికి అనుమతి ఉన్న పేర్లు ఏడు కనిపించాయి. ఇంట్లో ఉంటున్నది నలుగురు. మిగతా ముగ్గురు అంతకుముందు ఏడాది ఖాళీ చేసి వెళ్లినవాళ్లు. వాళ్లలో ఒకరు పాత సామాను కోసం రాత్రి వచ్చి వెళ్లాడట. చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఉండి ఉంటే?

ఆ తాళాన్ని ఎవరూ హ్యాక్ చేయలేదు. జాబితాను ఎవరూ దొంగచాటుగా దిద్దలేదు. తీసేయాల్సిన పేర్లను ఎవరూ తీసేయలేదు, అంతే. అదే జాబితా ప్రపంచంలోకెల్లా గట్టి బ్లాక్‌చెయిన్ మీద ఉన్నా ఆ ఏడు పేర్లూ అలాగే భద్రంగా ఉండేవి. చీటీల పుస్తకంలో మొదటే తప్పు రాసి, ఇరవై మందీ దాన్నే రాసుకుంటే ఆ తప్పు చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

ఇదే సంగతి అమ్మానాన్నల ఇంటి కెమెరాలకూ వర్తిస్తుంది. నాకు తెలిసిన చాలా ఇళ్లలో జరిగేది ఇది. మనం ఇక్కడి నుంచి డబ్బు పంపిస్తాం. కెమెరా బిగించిన కుర్రాడు తన ఫోన్ నంబరుతోనే ఖాతా తెరుస్తాడు. నాన్నగారికి, మనకు 'షేర్' ఇస్తాడు. అంటే ఇంటి యజమానులు అతిథులు, బిగించిన కుర్రాడు అసలు యజమాని. నూటికి తొంభై మంది మంచివాళ్లే కావచ్చు. ఆ ఫోన్ రేపు ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు? 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి కెమెరాల దృశ్యాలు బయటికి పొక్కి, ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయిన సంగతి దేశమంతా చూసింది. భారత ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. కొత్తవి కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

మూడోది చెప్పుకోవడానికి కష్టమైనది. భార్యాభర్తలు విడిపోయినప్పుడు ఇంట్లోని డోర్‌బెల్, స్పీకరు, థర్మోస్టాట్ ఎవరి ఖాతాలో ఉన్నాయి? వెళ్లిపోయిన మనిషి ఫోన్‌లోనే ఇంకా తెరుచుకుంటున్నాయా? లండన్‌లోని యూసీఎల్‌లో లియోనీ టాంజెర్ బృందం 2018 నుంచి సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధిస్తోంది. ఇక్కడ దాడి చేసేది ముసుగు వేసుకున్న హ్యాకర్ కాదు. పాస్‌వర్డ్ పెట్టిన మనిషే. అలాంటప్పుడు ఖాతా 'అసలు యజమాని' పేరును దిద్దలేకుండా భద్రపరచడం బాధితురాలికి మేలు చేయదు, ఆమె చేతులు కట్టేస్తుంది. డీవీసా మీద వచ్చి, ఇంటి సామానంతా భర్త ఖాతాలోనే ఉన్న మన ఆడపిల్లలకు ఈ సంగతి తెలియాలి. గృహహింస ఎదురైతే రెఫ్యూజ్ సంస్థ నడిపే ఉచిత హెల్ప్‌లైన్ 0808 2000 247 రోజంతా పనిచేస్తుంది. అయితే అలాంటి పరిస్థితిలో పరికరాలను ఉన్నపళంగా ఆపేయకండి. ఆపిన సంగతి అవతలి వ్యక్తికి తెలిసి ప్రమాదం పెరగవచ్చు. ముందు సలహా తీసుకోవడం మంచిది.

అమ్మేవాడిని అడగండి

అలాగని బ్లాక్‌చెయిన్ తాళాలన్నీ మోసమని నేను అనను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లోనే ఇంటి పరికరాలకు సరిపడేలా తేలికపాటి పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. ఇంట్లో కాస్త శక్తి ఉన్న ఒక పరికరం ఆ ఇంటి వరకు పుస్తకం రాస్తుంది. చిన్న బల్బులు, సెన్సర్లు ఆ బరువు మోయనక్కర్లేదు. ఎవరికి ఏ అనుమతి ఉందో అందులో నమోదవుతుంది. ఆలోచన మంచిదే. కానీ దుకాణంలో దొరికే సరుకు పరిశోధన పత్రంలో ఉన్నట్టే ఉంటుందన్న హామీ లేదు. అందుకే కొనేముందు ఈ ప్రశ్నలు వేయండి.

పుస్తకం నకళ్లు ఎంతమంది దగ్గర ఉన్నాయి? అన్నీ ఆ ఒక్క సంస్థ సర్వర్లలోనే ఉంటే అది బ్లాక్‌చెయిన్ పేరు తగిలించిన మామూలు జాబితా. ఇరవై పుస్తకాలూ నిర్వాహకుడి బీరువాలోనే ఉన్నట్టు.

తలుపు తీయాలంటే ఎంతసేపు పడుతుంది, నెట్ పోతే ఎలా? బిట్‌కాయిన్ పుస్తకంలో ఒక్కో పేజీ పూర్తి కావడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. జనవరి వానలో మాంచెస్టర్‌లో వాకిట్లో నిలబడి అంతసేపు ఎదురుచూడలేం.

ఫోన్ పోతే? పాస్‌వర్డ్ మరిచిపోతే మార్చుకోవచ్చు. రహస్య కీ పోతే, కొత్త కీ ఇచ్చేదెవరు? 'మా దగ్గరికి రండి, మేమిస్తాం' అన్నారంటే మీ ఇంటి అసలు తాళంచెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

రాకపోకల వివరాలు పుస్తకంలో రాస్తారా? మన సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు ఇక్కడి డేటా రక్షణ చట్టం మనకిచ్చింది. చెరపలేని పుస్తకంలో మీ పిల్లలు ఎప్పుడు ఇంటికొచ్చారో, ఎప్పుడు వెళ్లారో రాసేస్తే ఆ హక్కు ఏం కావాలి?

చివరిది, భద్రతా అప్‌డేట్లు ఎప్పటివరకు? ఇది చెప్పడం వాళ్ల దయ కాదు, చట్టం. తేదీ చెప్పలేని సరుకును అక్కడే వదిలేయండి.

ఈ వారాంతంలో ఓ గంట

బ్లాక్‌చెయిన్ వచ్చినా రాకున్నా, మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒక కాగితం తీసుకుని, ఇంట్లో నెట్‌కు కలిసిన ప్రతి వస్తువూ రాయండి. పక్కనే మూడు గడులు గీయండి: ఖాతా ఎవరి పేరుతో ఉంది, ఇంకెవరెవరికి అనుమతి ఉంది, అప్‌డేట్లు ఎప్పటివరకు వస్తాయి. మూడో గడిలో తేదీ దాటిపోయినవాటిని మార్చే ఆలోచన చేయండి. రెండో గడిలో ఇప్పుడు అవసరం లేని పేర్లన్నీ తీసేయండి. అతిథిగా వచ్చిన స్నేహితుడు, శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి, పాత అద్దెదారు, ఎవరైనా సరే.

ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ ఉండాలి. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా పెట్టుకోండి. పాస్‌కీ పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. బ్లాక్‌చెయిన్ తాళం గురించి చెప్పే గొప్పల్లో ముఖ్యమైన భాగం, అంటే దొంగిలించడానికి పాస్‌వర్డే లేకపోవడం, ఆ పాస్‌కీలో ఈరోజే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అద్దె ఇంట్లో చేరేరోజు సామాను జాబితా సరిచూసుకున్నట్టే, తాళం యాప్‌లో ఎవరి పేర్లున్నాయో చూపించమని యజమానిని అడగండి. ఇల్లు అమ్మేటప్పుడు, పాత ఫోనో కెమెరానో ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందుగా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఆదివారం అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసినప్పుడు కెమెరా సంగతి కూడా కనుక్కోండి. ఖాతా వేరేవాళ్ల నంబరుతో ఉంటే, దాన్ని రీసెట్ చేయించి నాన్నగారి నంబరుతోనో మీ నంబరుతోనో మళ్లీ నమోదు చేయించండి. పడకగదివైపు, వంటింటివైపు తిరిగి ఉంటే వాకిలివైపు తిప్పించండి. వాళ్ల భద్రత కోసం పెట్టిన కన్ను వాళ్ల మీదే నిఘా కాకూడదు.

దిద్దలేని పుస్తకం గొప్పదే. దాన్ని నాలుగు సంస్థలు పంచుకునేచోట వాడుకోనివ్వండి. మన గడప దగ్గర మాత్రం ఎవరి పేరు రాయాలో, ఎవరి పేరు కొట్టేయాలో నిర్ణయించేది మనమే. ఆ పనిని మన బదులు చేసే యంత్రం ఇంకా రాలేదు.